కారు బ్లోయరు ఆగిపోయిందా? మోటారు కొనే ముందు ఇవి చూడండి

‘కారు హీటరు ఫ్యాను పోయింది’ అనే మాట మన ఊళ్లలో దాదాపు వినబడదు. ‘ఏసీ గాలి రావడం లేదు’ అంటారు. పోయింది మాత్రం అదే ఫ్యాను. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు వెనక ముందు సీట్ల కోసం ఉండేది ఒకే బ్లోయరు. అది తోసిన గాలి మొదట ఏసీ కూలింగ్ కాయిల్ గుండా వెళ్తుంది. మీరు నాబ్‌ను ఎరుపు వైపు తిప్పితే లోపల ఒక తలుపు తెరుచుకుని, అదే గాలి ఇంజిన్ వేడినీళ్లు పారే హీటరు కోర్ మీదుగా కూడా వస్తుంది. కాబట్టి మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో చెమటలు కక్కుతున్నవారికీ, డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి దారిలో అద్దం మీది మసక తుడుచుకుంటున్నవారికీ వెతకవలసిన చోటు ఒక్కటే. ఘాట్ రోడ్డులో ఇంజిన్ వేడెక్కినప్పుడు హీటరు పూర్తిగా పెట్టి కొంత వేడిని బయటికి లాగే పాత చిట్కా కూడా ఈ ఫ్యాను తిరిగితేనే పనిచేస్తుంది.

ముందే ఒక మాట. ఫ్యాను ఆగగానే ‘మోటారు మార్చాలి’ అనే తీర్పు తొందరగా వస్తుంది. నా పాత చిన్న కారులో అలాగే జరిగింది. ఒక వర్క్‌షాపులో కొత్త మోటారు వేసి, డబ్బు తీసుకుని పంపారు. ఇంటికి వచ్చి చూస్తే నాలుగో నంబరు మీద తప్ప తిరగడం లేదు. అంతకుముందూ సరిగ్గా అలాగే ఉండేది! తీసేసిన పాత మోటారును సంచిలో పెట్టి ఇచ్చారు కాబట్టి బ్యాటరీకి కలిపి చూశాను. గిర్రున తిరిగింది. పోయింది దాని పక్కనే ఉండే, దానికంటే ఎంతో చవకైన రెసిస్టరు. ఫ్యాను ఏ తీరున ఆగిందో ఒక్క నిమిషం గమనించి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

ముందు చెవితో, తరువాత చేత్తో

బండి నీడలో ఆపండి. ఇంజిన్ అవసరం లేదు, తాళం చెవి ఆన్ వరకు తిప్పితే చాలు. పాటలు ఆపి, ఏసీ బటన్ ఆపి, ఫ్యాను నాబ్‌ను 1 నుంచి చివరి నంబరు వరకు ఒక్కొక్క మెట్టూ తిప్పండి. ప్రతి మెట్టు దగ్గర రెండు మూడు సెకన్లు ఆగి వినండి. ఎడమ చేతిని గాలి వచ్చే జాలి ముందు ఉంచండి. కొన్ని కార్లలో ఇంజిన్ తిరిగితేనే బ్లోయరు పనిచేస్తుంది. అలాంటి బండి అయితే స్టార్ట్ చేసి వినండి.

గ్లవ్ బాక్స్ వెనక నుంచి ఫ్యాను మోత వస్తూ గాలి మాత్రం రాకపోతే కరెంటు జోలికి వెళ్లకండి. క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి. చాలా బండ్లలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవరు కూడా అక్కరలేదు. రెండేళ్లుగా ఎవరూ ముట్టని ఫిల్టరు పాత గోనెపట్టలా తయారై ఉంటుంది. ఫిల్టరు బాగుండి, దూర ప్రయాణంలో గాలి క్రమంగా తగ్గిపోతూ, ఏసీ ఆపి ఫ్యాను ఒక్కటే పావుగంట నడిపితే మళ్లీ పుంజుకుంటే, కూలింగ్ కాయిల్ మంచు కడుతోందన్నమాట. అది ఏసీ మెకానిక్ పని, ఇక్కడితో మన పని అయిపోయింది.

మోతే లేకపోతే, లేదా కొన్ని మెట్లలోనే వస్తే, ముందుకు వెళ్దాం. ఈలోగా ఏసీ మాత్రం వేయకండి. గాలి కదలని కాయిల్ మీద నీరు గడ్డకట్టడం తప్ప ఉపయోగం లేదు.

ఆగిన తీరు ఏం చెబుతోంది

నాబ్ తిప్పి వేగం మార్చే మామూలు ఏసీ ఉన్న బండ్లలో చివరి వేగం తప్ప మిగిలినవన్నీ రెసిస్టరు గుండా నడుస్తాయి. మోటారుకు వెళ్లే కరెంటును రెసిస్టరు కొంత అడ్డుకుంటుంది కాబట్టే ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది. చివరి మెట్టులో ఆ అడ్డు ఉండదు. అందుకే 1, 2, 3 చచ్చిపోయి 4 మాత్రం ఈదురుగాలిలా వస్తుంటే, పది సార్లలో తొమ్మిది సార్లు రెసిస్టరే. ఈ ఒక్క లక్షణం గుర్తుంచుకున్నా మీకు మోటారు డబ్బు మిగులుతుంది.

దీనికి తలకిందులుగా, కింది వేగాలన్నీ వస్తూ చివరిది మాత్రం రాకపోతే స్విచ్చులోని ఆ కాంటాక్టునో, ఆ వేగానికి విడిగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) ఉన్న బండి అయితే ఆ రిలేనో అనుమానించాలి. మధ్యలో ఒక్క మెట్టు మాత్రమే లేకపోతే రెసిస్టరులో ఒక చుట్టు తెగిందో, స్విచ్చులో ఒక కాంటాక్టు కాలిందో.

గుంతలో పడ్డప్పుడు ఆగి, మరో గుంతలో పడ్డప్పుడు తిరిగితే మోటారు కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) అరిగాయి, లేదా కప్లరు (వైర్లను కలిపే ప్లగ్గు) వదులైంది. ఆగడానికి కొన్ని వారాల ముందు నుంచి ఉదయంపూట కీచుమని అరిచి, కాసేపటికి సర్దుకునేదైతే మోటారు బుష్‌లు (ఇరుసు తిరిగే గుండ్రటి తొడుగులు) ఎండిపోయాయి. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి ఆగిపోతే ఏదో కప్లరు కరిగింది. అలాంటప్పుడు ఇంకోసారి ఆన్ చేసి చూడకండి.

అంకెల మీద ఉష్ణోగ్రత పెట్టుకునే ఆటోమేటిక్ ఏసీ బండ్లలో చాలావాటికి ఈ మెట్ల లెక్క కుదరదు. వాటిలో రెసిస్టరు బదులు ట్రాన్సిస్టరుతో పనిచేసే కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది. అది పోతే వేగాలన్నీ ఒక్కసారే పోతాయి. లేదా ఆఫ్ చేసినా ఫ్యాను ఆగకుండా పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది.

చెయ్యి పెట్టే ముందు

మన కార్లలో బ్లోయరు ఎడమవైపు, ముందు సీటులో కూర్చున్నవారి మోకాళ్ల ముందు ఉంటుంది. దానికి కొంచెం పైనే ఆ వైపు ఎయిర్‌బ్యాగు. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటిని తీయకండి, మల్టీమీటరు (వోల్టులు, ఓమ్‌లు కొలిచే మీటరు) పుల్ల వాటిలో గుచ్చకండి. ఏదైనా విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. విద్యుత్ కార్లలో కూడా ఫ్యాను మామూలుగా 12 వోల్టులదే, కానీ నారింజ రంగు కేబుల్ కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఆ వైపు వందల వోల్టులు ఉంటాయి.

బండికి వారంటీ ఇంకా ఉంటే ఇంతవరకు గమనించింది ఒక కాగితం మీద రాసుకుని కంపెనీ సర్వీసుకే వెళ్లండి. వైరు కోసినట్టు కనిపిస్తే వాదన మొదలవుతుంది.

కావలసిన సామాను కొంచెమే: ఒక చవక మల్టీమీటరు, రెండు వైర్లు అతికిన పాత ఇండికేటరు బల్బు, టార్చి, స్క్రూడ్రైవరు. మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక పాత దిండు పెట్టుకోండి. గ్లవ్ బాక్స్ కింద తల దూర్చి పనిచేసినవారికి దాని విలువ తెలుసు.

ఫ్యూజు, రిలే

ఏ వేగంలోనూ కదలకపోతే ఇక్కడ మొదలుపెట్టండి. బ్లోయరు ఫ్యూజు కొన్ని బండ్లలో బానెట్ కింది పెట్టెలో, కొన్నింటిలో డ్రైవరు కాళ్ల దగ్గరి పెట్టెలో ఉంటుంది. పెట్టె మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది. ఫ్యాను గుర్తు చూసి తొందరపడకండి. రేడియేటరు ఫ్యానుకు వేరే ఫ్యూజు ఉంటుంది. బ్లోయరుకు తరచుగా 30 ఆంపియర్ల ఫ్యూజు వాడతారు. మామూలు బ్లేడు రకంలో అయితే అది ఆకుపచ్చ. 20 పసుపు, 15 నీలం, 10 ఎరుపు.

ఫ్యూజును తీసి వెలుతురులో చూస్తే తెగినది తెలుస్తుంది గాని, సన్నని పగులు కంటికి ఆనదు. తీయకుండానే దాని నెత్తిన ఉన్న రెండు చిన్న లోహపు చుక్కల మీద బల్బు వైరు ఒకదాని తరువాత ఒకటి ఆనించండి, రెండో వైరు బాడీకి తగిలించి. రెండు చుక్కల దగ్గరా వెలిగితే ఫ్యూజు బాగుంది. ఒక వైపే వెలిగితే తెగింది. రెండు వైపులా వెలగకపోతే కరెంటు అక్కడిదాకానే రావడం లేదు. ఇది చూసేటప్పుడు తాళం చెవి ఆన్‌లో ఉండాలి.

తెగిన ఫ్యూజు స్థానంలో అదే సంఖ్య ఉన్నది వేయండి. వెంటనే మళ్లీ తెగితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది, లేదా మోటారు బిగుసుకుంది. వారం తరువాత తెగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టడం, 30 చోట 40 వేయడం మన రోడ్ల పక్కన ఇంకా కనిపించే విద్య. అప్పుడు తెగాల్సిన ఫ్యూజు తెగదు, దాని బదులు డ్యాష్‌బోర్డు లోపలి వైరు కాలుతుంది.

రిలేను పరీక్షించడానికి పరికరం అక్కరలేదు. అదే పెట్టెలో అదే నంబరు, అదే కాళ్ల (పిన్నుల) అమరిక ఉన్న ఇంకో రిలే ఉంటే, చాలాసార్లు హారన్‌ది ఉంటుంది, రెండూ మార్చి పెట్టి చూడండి. ఫ్యాను తిరిగి హారన్ మూగబోతే సంగతి తేలిపోయింది.

మోటారును తట్టి చూడండి

ఫ్యూజు, రిలే బాగుంటే నాబ్‌ను చివరి వేగంలో ఉంచి, గ్లవ్ బాక్స్ కింద గుండ్రంగా కనిపించే మోటారు వెనకభాగాన్ని స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా రెండు మూడుసార్లు తట్టండి. కొట్టకండి. ఉలిక్కిపడి తిరగడం మొదలుపెడితే కార్బన్లు అరిగి కమ్యుటేటరును (అవి రాసుకుంటూ ఉండే రాగి చుట్టును) అందుకోవడం లేదు. ఆ తట్టుడుతో మీరు ఊరు చేరుకోవచ్చు, కానీ మోటారు రోజులు దగ్గర పడ్డాయి. కార్బన్లు మాత్రమే మార్చే పాత ఆటో ఎలక్ట్రీషియన్లు ఇంకా కొందరున్నారు. కమ్యుటేటరు మీద గాడి పడకపోతే ఆ పని కొంతకాలం నిలుస్తుంది. గాడి పడితే కొత్తదే మేలు.

అసలు పరీక్ష: వోల్టు ఎక్కడ మాయమైంది

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, కనుక నెమ్మదిగా చదవండి.

మోటారుకు రెండు వైర్ల కప్లరు ఉంటుంది. దాన్ని ఊడదీసి, మల్టీమీటరు ఎర్ర పుల్లను ఒక కాలికి, నల్ల పుల్లను కారు బాడీకి పెట్టి, ‘పన్నెండు వోల్టులు వస్తున్నాయి, మోటారు పోయింది’ అని చెప్పేస్తుంటారు. చాలా కార్లలో ఈ తీర్పు చెల్లదు. ఎందుకంటే వాటిలో మోటారుకు పాజిటివ్ నేరుగా ఫ్యూజు, రిలేల మీదుగా వచ్చేస్తుంది. వేగం మార్చే స్విచ్చు, రెసిస్టరు రెండూ ఎర్తు వైపు, అంటే కరెంటు తిరిగి కారు బాడీకి పోయే దారిలో ఉంటాయి. స్విచ్చు కాలిపోయినా, రెసిస్టరు కరిగినా ఎర్ర పుల్ల పెట్టిన కాలి దగ్గర పన్నెండు వోల్టులు కనిపిస్తూనే ఉంటాయి. కరెంటు వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు.

అందుకని రెండు పుల్లలనూ కప్లరులోని రెండు కాళ్లకే పెట్టండి. బ్యాటరీ కలిపి, తాళం చెవి ఆన్‌లో, నాబ్ చివరి వేగంలో ఉండాలి. ఇంజిన్ ఆగి ఉంటే సుమారు 12 వోల్టులు, తిరుగుతుంటే 14కు దగ్గరగా రావాలి. వస్తే తరువాతి మెట్టు: మీటరు పక్కన పెట్టి అదే రెండు కాళ్ల మధ్య ఇండికేటరు బల్బు తగిలించండి. మల్టీమీటరు దాదాపు కరెంటు తాగదు కాబట్టి వెంట్రుకవాసి మిగిలిన కాంటాక్టు గుండా కూడా పన్నెండు చూపిస్తుంది. 21 వాట్ల బల్బు మాత్రం నిజంగా పని అడుగుతుంది. బల్బు నిండుగా వెలిగితే సప్లై, ఎర్తు రెండూ ఉన్నట్టే, దోషం మోటారుదే. మినుకుమంటే ఎక్కడో కాంటాక్టు కాలింది.

రెండు కాళ్ల మధ్య ఏమీ రాలేదనుకోండి. అప్పుడు పుల్లను బాడీకి పెట్టే పాత పద్ధతి ఉపయోగపడుతుంది. ఒక కాలి నుంచి బాడీకి పన్నెండు వస్తే పాజిటివ్ వైపు బాగుంది, ఎర్తు వైపు వెతకండి: స్విచ్చు, దాని వెనక కప్లరు, బాడీకి బిగించిన ఎర్తు బోల్టు. సముద్ర తీరపు ఊళ్లలో తిరిగే బండ్లకు ఆ బోల్టు కింద తుప్పు పట్టి ఉండడం కొత్త కాదు. విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పైసా ఖర్చు లేకుండా ఫ్యాను తిరిగిన సందర్భాలున్నాయి. ఏ కాలికీ పన్నెండు రాకపోతే ఫ్యూజు పెట్టెకూ మోటారుకూ మధ్య వైరు చూడాలి. వానాకాలమైతే ముందుగా ఎలుకను అనుమానించండి.

మోటారు పోయిందని తేలాక కూడా ఒక రుజువు చూసుకోండి. రెండు వైర్ల మోటారు అయితే, కప్లరు ఊడదీసి, మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి చూడండి. తిరిగితే నింద తప్పు. మూడు, నాలుగు వైర్లున్న మోటారుకు ఇలా ఇవ్వకండి. దాని లోపలే ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, మీ పరీక్షతోనే అవి పోతాయి.

రెసిస్టరు

గాలి వెళ్లే గొట్టంలోకి తల పెట్టుకుని, రెండు స్క్రూలతో బ్లోయరుకు దగ్గర్లోనే బిగించి ఉంటుంది. అక్కడే ఎందుకంటే అది పనిచేస్తున్నంతసేపూ వేడెక్కుతుంది, ఫ్యాను గాలే దాన్ని చల్లార్చాలి. తీసేముందు ఫ్యాను ఆపి కాసేపు ఆగండి, వేలు కాలుతుంది.

ముందు కప్లరు రంగు చూడండి. తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే రెసిస్టరు ఒక్కటే మార్చి లాభం లేదు. వదులైన ఆ కాలు కొత్త రెసిస్టరును కూడా కాలుస్తుంది. వైర్లతో సహా కొత్త కప్లరు వేయించండి. తరువాత మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి కాళ్ల మధ్య కొలవండి. కొన్ని ఓమ్‌లకు మించకుండా చిన్న విలువలు రావాలి. మీటరు విలువ చూపకుండా OL అనో 1 అనో ఉండిపోతే లోపల తెగింది. చాలా రెసిస్టర్లలో వేడి మితిమీరితే తెగిపోయే చిన్న థర్మల్ ఫ్యూజు ఉంటుంది. దాని స్థానంలో తీగ ముక్క అతికించి ‘రిపేరు’ చేసేవారున్నారు. ఒప్పుకోకండి. కారు తగలబడకుండా పెట్టిన ఏర్పాటు అది.

రెసిస్టరు ఎందుకు పోయిందో కూడా అడగాలి. మోటారు బుష్ బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగడం ఒక కారణం. మురికి ఫిల్టరు ఇంకొకటి, కానీ మనం అనుకునే తీరులో కాదు. ఫిల్టరు మూసుకుంటే మోటారు మీద భారం పెరుగుతుందని అంటారు. ఈ రకం చక్రపు ఫ్యానుకు గాలి అందకపోతే నిజానికి భారం తగ్గుతుంది, ఇంటి వాక్యూమ్ క్లీనరు మూతికి చెయ్యి అడ్డం పెడితే మోత హెచ్చినట్టు. ముప్పు ఎక్కడంటే, రెసిస్టరును చల్లార్చే గాలి కూడా తగ్గిపోతుంది.

మోటారు దించితే

మూడు నాలుగు స్క్రూలు, ఒక కప్లరు. చాలా బండ్లలో కిందికి దిగి వస్తుంది. రాగానే చక్రాన్ని చేత్తో తిప్పండి. నున్నగా తిరిగి దానంతటదే మెల్లగా ఆగాలి. గరగరమంటే, పట్టేస్తే బుష్ పోయింది. చక్రం రెక్కల మీద చిన్న లోహపు క్లిప్పులు కనిపిస్తే పీకకండి. బరువు సమంగా ఉండడానికి వాటిని అక్కడ పెట్టారు.

ఖాళీ అయిన గూట్లో టార్చి వేసి చూడండి. వేపచెట్టు కింద, కానుగ చెట్టు కింద ఆపే బండ్లలో ముందు అద్దం దిగువన ఉన్న జాలి గుండా ఆకులు దిగి ఇక్కడికే చేరతాయి. మా మేనత్త కారులో వేరుశనగ తొక్కలు, చీర పేలిక, నమిలిన స్పాంజి కలిపి చక్కటి ఎలుక గూడు దొరికింది. మోటారుకు ఏమీ కాలేదు, చక్రం మధ్య పేలిక చుట్టుకుంది, అంతే. ఎలుక ఆనవాళ్లు ఉంటే ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, చేతి తొడుగులతో శుభ్రం చేయండి. తడి కనిపిస్తే మాత్రం అద్దం కింది వాన నీళ్ల కాలువ మూసుకుని నీరు లోపలికి దిగుతోంది. దాన్ని తెరవకుండా కొత్త మోటారు పెడితే వచ్చే వానకే అదీ పోతుంది.

పని మీరు చేయలేకపోయినా ఎలక్ట్రీషియన్‌తో ‘ఏసీ పనిచేయడం లేదు’ అని చెప్పకండి. ‘నాలుగో వేగం వస్తోంది, మిగిలినవి లేవు’ అనో, ‘ఫ్యూజు బాగుంది, కప్లరు రెండు కాళ్ల మధ్య పన్నెండు రావడం లేదు’ అనో చెప్పండి. పాత భాగం ఏది తీసినా ఇంటికి అడిగి తెచ్చుకోండి.

అంతా బిగించే ముందు అన్ని వేగాలూ ఒకసారి తిప్పి, చివరి వేగంలో పది నిమిషాలు నడపండి. ఆపి, మోటారు కప్లరునూ రెసిస్టరు కప్లరునూ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు నిలవనంత వేడిగా ఉంటే గ్లవ్ బాక్స్ ఇప్పుడే బిగించకండి, ఆ కప్లరు ఇంకా మార్చాల్సి ఉంది.